చిరాయువు ఖరీదు

చిరాయువు అనే రాజుకు నాగార్జునుడనే మంత్రి ఉండేవాడు. రసాయనవిద్యలో దిట్ట. ఆయన చేసిపెట్టిన మందు తిని రాజు వందల ఏళ్ళపాటు జబ్బూ ముసలితనమూ ఎరగకుండా రాజ్యమేలాడు. ఆ వందల ఏళ్ళలో ఎందరో కొడుకులు యువరాజులయ్యారు, యువరాజులుగానే పోయారు. చివరికి జీవహరుడనే కొడుక్కి యువరాజ పట్టం కట్టినప్పుడు వాళ్ళమ్మ అసలు సంగతి చెప్పింది: నాగార్జునుడు బతికున్నంతకాలం నీకు సింహాసనం దక్కదు, భోజనవేళ ఆయన ఎవరేమడిగినా ఇస్తాడు, వెళ్ళి తల అడుగు అని. కొడుకు అడిగాడు, ఆయన ఇచ్చాడు. 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలోది ఈ కథ. దానికి మూలమైన గుణాఢ్యుడి బృహత్కథ శాతవాహనుల కొలువులో పుట్టిందని ప్రతీతి. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ కూడా శాతవాహన రాజు పేరుమీదే ఇలాంటి కథ రాసుకున్నాడు. నాగార్జునకొండతో ముడిపడిన బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు, శ్రీశైలం చుట్టూ కథలున్న రసవాది నాగార్జునుడు ఒకరు కారని పండితుల్లో చాలామంది అంటారు. అది వేరే చర్చ. ఈ కథలో గమనించాల్సింది ఒకటుంది. మందు పనిచేస్తుందా లేదా అన్న అనుమానం ఇందులో ఎవరికీ లేదు. పనిచేస్తే కొడుకు గతేమిటన్నదే ప్రశ్న. సాంకేతిక విజ్ఞానం మనిషికి చావు లేకుండా చేస్తుందా అని ఇవాళ ప్రపంచమంతా అడుగుతోంది కానీ, మన కథ అడిగిన ప్రశ్న మాత్రం ఇంకా సరిగ్గా చర్చకు రాలేదు.

ముందు మందు సంగతి చూద్దాం. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతీయుడి సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు, ఇప్పుడు సుమారు 70. ఇదే లెక్కన పోతే 150, ఆ తర్వాత 300 ఎందుకు కాకూడదని కొందరి వాదన. ఈ లెక్కలోనే పొరపాటుంది. సగటు 32 అంటే జనం ముప్పై రెండో ఏట పోయేవారని కాదు. ఆనాడూ ఎనభై దాటిన తాతలు, అవ్వలు ఊరూరా ఉన్నారు. పురిట్లోనే పోయిన పసికందులు, మశూచికి, కలరాకు, మలేరియాకు బలైన పిల్లలు ఆ సగటును కిందికి లాగారు. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, అంటే జనం నోట్లో ఐపీఎం, ఒకప్పుడు టీకాలు తయారుచేసిన సంస్థ. కుక్క కరిస్తే సూది కోసం, నీటి పరీక్ష కోసం, రక్తం కోసం నగరం దాని గుమ్మం తొక్కుతూనే ఉంది. మన ఆయుర్దాయం రెట్టింపు కావడం ఇలాంటి పనుల పుణ్యమే. ఇవన్నీ అకాల మరణాన్ని ఆపాయి. మనిషి బతకగల గరిష్ఠ వయసును మాత్రం ఇవి ముట్టుకోలేదు. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ కల్మాఁ 122 ఏళ్ళు బతికి 1997లో కన్నుమూసింది. ఆ వయసును ఆమె తర్వాత రుజువులతో దాటినవాళ్ళు ఇంతవరకు లేరు.

కారణం లెక్కల్లోనే ఉంది. బ్రిటిష్ గణితవేత్త గోంపర్ట్స్ 1825లోనే గమనించాడు: పెద్దవాళ్ళయ్యాక మనిషి చనిపోయే ముప్పు ఏళ్ళు గడిచేకొద్దీ రెట్టింపవుతూ పోతుంది. సుమారు ఎనిమిదేళ్ళకోసారి రెట్టింపు. అంటే ముప్పై ఏళ్ళవాడితో పోలిస్తే డెబ్బై ఎనిమిదేళ్ళవాడికి ముప్పు 64 రెట్లు. అందుకే ఒక్కో జబ్బునూ విడివిడిగా జయించినా పెద్దగా కలిసిరాదు. క్యాన్సర్‌ను పూర్తిగా నిర్మూలించినా అమెరికాలో సగటు ఆయుర్దాయం పెరిగేది మూడేళ్ళేనని జనాభా శాస్త్రవేత్తలు 1990లోనే లెక్కగట్టారు. క్యాన్సర్ తప్పించుకున్నవాణ్ని గుండెపోటు పట్టుకుంటుంది, అదీ తప్పితే మతిమరుపు వ్యాధి. కాబట్టి చావును ఆపాలనుకునేవాళ్ళు జబ్బుల్ని వదిలి ముసలితనం మీదికే గురిపెట్టారు. ఆలోచన సరైనదే.

ముసలితనం ఎక్కడ మొదలవుతుందో కణంలో కొంత కనిపిస్తుంది. మామూలు మానవ కణం నలభై నుంచి అరవై సార్లు విభజన చెంది ఆగిపోతుందని 1961లో లెనర్డ్ హేఫ్లిక్ చూపించాడు. విభజన జరిగినప్పుడల్లా క్రోమోజోముల చివరి తొడుగులు, అంటే టెలోమియర్లు, కాస్త కాస్త అరుగుతాయి. వాటిని తిరిగి పెంచే టెలోమరేజ్ అనే ఎంజైమును కనిపెట్టిన పరిశోధనకు 2009లో నోబెల్ వచ్చింది. అయితే అందరికీ ఆ ఎంజైమే ఎక్కిస్తే సరిపోదా? దాన్ని బాగా వాడుకునే కణాల్లో క్యాన్సర్ కణాలూ ఉన్నాయి. 1951లో అమెరికాలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో 31 ఏళ్ళకే మరణించింది. ఆమెను అడక్కుండానే తీసిన కణాలు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఇప్పటికీ విభజన చెందుతూనే ఉన్నాయి. చావులేనివి ఆ కణాలే, వాటి చేతిలో పోయింది మనిషి. కణం తన హద్దులో తాను ఆగిపోవడం వల్లే ఒళ్ళు ఒళ్ళుగా నిలుస్తోంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితకృషిలో ఒక ముఖ్యభాగం ఈ ఆగని కణాలను ఆపడమే. ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌ను కొంతకాలం వెనక్కి తగ్గించగలిగాడు. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. అదే ఏడాది సుబ్బారావు 53 ఏళ్ళకు కన్నుమూశారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కూ కీళ్ళవాతానికీ ఇవాళ్టికీ వాడుతున్నారు.

మరి కొత్త ఆశలు? ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన రాపమైసిన్ అనే పదార్థాన్ని ముసలి ఎలుకలకు ఇస్తే ఆయుష్షు పెరిగిందని 2009లో తేలింది. ఆడ ఎలుకల్లో సుమారు 14 శాతం, మగవాటిలో 9 శాతం. తేలిగ్గా తీసేయాల్సిన ఫలితం కాదిది. అయితే ఈ మందు మామూలుగా ఎవరికిస్తారంటే, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి, కొత్త అవయవాన్ని శరీరం తోసిపుచ్చకుండా రోగనిరోధక శక్తిని అణచడానికి. క్షయ ఇంకా పోని దేశంలో ఆరోగ్యవంతులు రోగనిరోధక శక్తి తగ్గించుకోవడం ఆలోచించాల్సిన విషయమే. జపాన్ శాస్త్రవేత్త యమనాక 2006లో నాలుగు జన్యువులతో ముదురు కణాన్ని తిరిగి మూలకణంగా మార్చి చూపించాడు. కానీ జీవించివున్న జంతువులో ఆ జన్యువుల మోతాదు మించితే కణితులు లేస్తాయి. ఈ దారిలో నడిచే ఆల్టోస్ ల్యాబ్స్ అనే సంస్థ 2022లో 300 కోట్ల డాలర్ల పెట్టుబడితో మొదలైంది. వీటి నుంచి మంచి మందులు వస్తాయనీ, ముసలితనం కొంత నెమ్మదిస్తుందనీ నమ్మడానికి ఆధారాలున్నాయి. అమరత్వానికి మాత్రం లేవు.

ఒకవేళ ముసలితనం పూర్తిగా ఆగిపోయిందనుకుందాం, అప్పుడైనా చావు ఆగదు. ఏటా వెయ్యిమందిలో ఒకరు ప్రమాదానికో అంటువ్యాధికో పోతారనుకున్నా, ఏడు వందల ఏళ్ళలో సగం మంది ఉండరు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలే 1.68 లక్షల ప్రాణాలు తీశాయి. ఇక శవాన్ని గడ్డకట్టించి దాచుకునే పద్ధతి 1967 నుంచీ ఉంది, అలా దాచిన ఏ ఒక్కరినీ ఇంతవరకు లేపలేదు. మెదడును కంప్యూటర్లోకి ఎక్కించడం గురించి ఒక్క మాట చాలు: పండు ఈగ మెదడులోని సుమారు 1.4 లక్షల నాడీకణాల పటం పూర్తయింది 2024లో. మనిషి మెదడులో ఉన్నవి 8,600 కోట్లు. ఒకరోజు ఎక్కించగలిగినా అది నకలు. నకలు బతికివుండగా అసలు మనిషి మంచంమీద పోతాడు.

కాబట్టి దొరకబోయేది అమరత్వం కాదు, దీర్ఘాయువు. బహుశా నూట ఇరవై, నూట యాభై. ఇప్పుడు జీవహరుడి ప్రశ్న అడగాలి, అడగడానికి హైదరాబాద్ అశోక్‌నగర్ కంటే తగిన చోటు లేదు. బాగ్ లింగంపల్లి నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ. పొద్దున్నే టిఫిన్ బాక్సు, నీళ్ళ సీసా, కట్టకట్టిన నోట్సుతో వచ్చి చీకటిపడేదాకా కూర్చునే యువతీయువకులు. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వోద్యోగం కోసం ఎదురుచూడటమంటే ఏమిటో చూడాలంటే ఇక్కడికే రావాలి. 2011 తర్వాత తెలంగాణవారికి మళ్ళీ గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులకు. ప్రిలిమ్స్ ఒకసారి పేపర్ లీకై, మరోసారి హైకోర్టు తీర్పుతో రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్ళీ మొదటికొచ్చింది, గరిష్ఠ వయోపరిమితి 46కు చేరింది. ఈ ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం సూటిగా మన విషయానికి చెందుతుంది. 2021లో తెలంగాణ ప్రభుత్వం రిటైర్మెంట్ వయసును 58 నుంచి 61కి పెంచింది. దాంతో 2024 మార్చి దాకా వయసు రీత్యా ఖాళీ అయిన కుర్చీలు దాదాపు లేవు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60కి, 2022లో 62కి పెంచారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం దీనికి ఎదురుదారి పట్టింది. యువతకు ఉద్యోగాలు రావాలని 58ని 55కు తగ్గించింది. ఉద్యోగులు మండిపడ్డారు, సుప్రీంకోర్టుకెళ్ళారు. 1985లో కోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది, కానీ అప్పటికే ప్రభుత్వం వయసును తిరిగి 58 చేసేసింది. రెండు వైపులా న్యాయముంది: పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు మీదున్న యాభై అయిదేళ్ళ ఉద్యోగికీ ఉంది, ముప్పై దాటుతున్న నిరుద్యోగికీ ఉంది. మూడేళ్ళు అటూ ఇటూ జరిపితేనే ఒక తరం ఇంతగా నలిగిపోతే, ముప్పై ఏళ్ళు జరిపితే ఏమవుతుంది? పొలం పట్టా, వ్యాపారం, పార్టీ టిక్కెట్టు, విశ్వవిద్యాలయంలో కుర్చీ, ఇవన్నీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారడానికి ఇప్పటిదాకా చట్టం కంటే ఎక్కువగా కాలమే సాయపడింది.

కొత్త వైద్యం మొదట డబ్బున్నవారికే అందినా క్రమంగా చవకై అందరికీ వస్తుందని కొందరు బదులిస్తారు. మందు వరకు ఇది నిజమే. ఎయిడ్స్ మందుల ధరను నేలకు దించిన దేశాల్లో మనదే ముందుంది, హైదరాబాద్ ఫార్మా కంపెనీలకూ అందులో వాటా ఉంది. కానీ మాత్రను చవగ్గా తయారుచేసినట్టు కుర్చీని, అయిదెకరాల పొలాన్ని కాపీ తీయలేం. ఒకరు లేవందే ఇంకొకరికి చోటు లేని వస్తువులు లోకంలో ఉన్నాయి. అందరికీ ఆయుష్షు సమానంగా పెరిగినా వాటి దగ్గర వరస పెరుగుతుందే తప్ప తరగదు. ఇది ఉద్యోగాలతో ఆగదు, ఆలోచనలకూ వర్తిస్తుంది. అర్ధంతరంగా చనిపోయిన 450కి పైగా ప్రముఖ జీవశాస్త్రవేత్తల రంగాలను పరిశీలించి 2019లో అమెరికా ఆర్థికవేత్తలు ఒక పత్రం ప్రచురించారు. ఆ శాస్త్రవేత్తలు పోయాక, వాళ్ళతో సంబంధంలేని బయటివాళ్ళ పరిశోధనలు ఆ రంగాల్లోకి పెరిగాయి, వాటిలో చాలావాటికి మంచి గుర్తింపు వచ్చింది. ఆ పెద్దలు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళుండగా కొత్తవాళ్ళు ఆ గుమ్మం దాటడానికే జంకారు.

ఇంకో అభ్యంతరం బరువైనది. తెలుగునాట పిల్లలు తగ్గిపోతున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. వచ్చేతరం చిన్నదైతే, పెద్దవాళ్ళు ఎక్కువకాలం ఆరోగ్యంగా పనిచేయడం అందరికీ మేలే కదా? అవును, మేలే. డెబ్బై ఏళ్ళ మనిషి తన కాళ్ళమీద తాను నడిస్తే కుటుంబానికీ ఖజానాకూ ఊపిరి. అయితే పనిచేయగలగడం వేరు, పగ్గాలు వదలకపోవడం వేరు. పైగా తగ్గిన పిల్లల స్థానాన్ని చావని పెద్దలతో నింపుకునే సమాజం యయాతి దారిలో నడుస్తుంది. కొడుకు పూరువు యవ్వనాన్ని తీసుకుని తాను భోగాలనుభవించిన ఆ రాజు సంగతి మనకు కొత్త కాదు. యవ్వనం కోసం ఏటా 20 లక్షల డాలర్లు ఖర్చుపెడుతున్నానన్న అమెరికా వ్యాపారి బ్రయాన్ జాన్సన్ 2023లో తన కొడుకు రక్తంలోని ప్లాస్మా ఎక్కించుకున్నాడు. ప్రయోజనం కనిపించలేదని ఆయనే చెప్పి మానేశాడు. వెయ్యేళ్ళ తర్వాత యయాతి కూడా తృప్తి కలగలేదని ఆ యవ్వనాన్ని తిరిగి ఇచ్చేశాడు.

చావు మంచిదని ఈ వాదనకు అర్థం కాదు. కళ్ళముందే బిడ్డను పోగొట్టుకునే తల్లికి ప్రకృతి ధర్మం గురించి చెప్పడం క్రూరత్వం. టీకాను, గుండె శస్త్రచికిత్సను ప్రకృతికి విరుద్ధమనేవాళ్ళతో నాకు పేచీయే. అకాల మరణాన్ని ఆపడంలో విజ్ఞానం ఎంత దూరం వెళ్ళినా ఎక్కువ కాదు. నలభైల్లో గుండెపోటు, గుర్తించని షుగర్‌తో పోయిన కిడ్నీలు, పదేళ్ళ మంచం, ఇవన్నీ తీసేయగలిగినవే, తీసేయాలి కూడా. ముసలితనాన్ని నెమ్మదింపజేసే పరిశోధనకు డబ్బు పెట్టమని కోరేది అందుకే. దానితోపాటే పదవులకు కాలపరిమితి, ఆస్తి చేతులు మారే పద్ధతి, పెద్దలకు బతకదగిన పెన్షన్ కూడా ఇప్పుడే ఆలోచించాలి. మందు వచ్చాక ఆలోచిద్దామంటే, ఆలోచించాల్సిన కుర్చీల్లో ఉండేది ఆ మందు తిన్నవాళ్ళే. ఇక మీ మట్టుకు మీరు, నగరంలో వేలకు వేలు తీసుకుని యవ్వనం పేరిట డ్రిప్పులెక్కించే చోట్లకు పోకండి. ముప్పై దాటిన వాళ్ళంతా దగ్గర్లోని బస్తీ దవాఖానాకు వెళ్ళి బీపీ, షుగర్ చూపించుకోండి. అక్కడ ఆ పరీక్ష ఉచితం.