ఎర్రర్ రాలేదని మురిసిపోకండి!

మూడేళ్లు పొలంలో ఎండకి ఎండి సేకరించిన లెక్కలు. కంప్యూటర్‌లో మూడు లైన్ల ప్రోగ్రామ్. వచ్చిన జవాబు తలకిందులు. తెరమీద మాత్రం ఒక్క ఎర్రర్ కూడా లేదు!

రెండేళ్ల క్రితం ఓ శుక్రవారం రాత్రి. పదకొండు దాటింది. ఆఫీసు పని ముగించుకుని పడుకోబోతుంటే అక్క ఫోన్ చేసింది. తను వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తోంది. వేరుశనగలో ఓ కొత్త రకాన్నీ, మా వైపు రైతులు ఏళ్లుగా వేస్తున్న పాత రకాన్నీ పక్కపక్క మడుల్లో వేసి, ఏది ఎక్కువ దిగుబడి ఇస్తుందో చూడటం తన పరిశోధన.

''ఒరేయ్, సోమవారం గైడ్‌గారికి ఫలితాలు చూపించాలి. కంప్యూటరేమో పాత రకమే మేలంటోంది. మూడేళ్ల కష్టం బూడిదలో పోసినట్టేనా?'' అంది. గొంతులో ఏడుపు తెలుస్తూనే ఉంది.

''ఎర్రర్ ఏమైనా వచ్చిందా అక్కా?''

''ఒక్కటీ రాలేదు. అందుకే భయం. ఎర్రర్ రాలేదంటే లెక్క నిజమనే కదా?''

కాదు. ఐదారేళ్లుగా ఇదే పని చేస్తున్నవాడిగా చెబుతున్నాను, ఎర్రర్ రావడం అదృష్టం. తప్పు జరిగిందని కంప్యూటరే అరిచి చెబుతుంది. అసలు ప్రమాదమంతా అది నోరు మూసుకుని తప్పు జవాబు ఇచ్చినప్పుడే.

ఏమిటీ ఆర్?

అక్క వాడుతున్నది 'ఆర్' అనే ప్రోగ్రామింగ్ భాష. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల మొదట్లో దీన్ని తయారుచేశారు. ఇద్దరి పేర్లూ ఆర్ అక్షరంతోనే మొదలవుతాయి. అంతకుముందు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన 'ఎస్' అనే భాష దీనికి మూలం. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 వెర్షన్ వచ్చింది. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా దించుకోవచ్చు. అందుకే వ్యవసాయం, వైద్యం, ఆర్థికశాస్త్రం... ఏ పరిశోధన చేసేవాళ్లయినా దీన్ని నేర్చుకుంటున్నారు.

అయితే వాళ్లంతా కంప్యూటర్ చదువు చదివినవాళ్లు కాదు. స్టాటిస్టిక్స్ బాగానే వస్తుంది. చిక్కంతా దానికి ముందు, అంటే డేటాని శుభ్రం చేసి, ఓ రూపానికి తెచ్చే దగ్గరే. వంటకన్నా బియ్యంలో రాళ్లు ఏరడానికే ఎక్కువసేపు పట్టినట్టు అన్నమాట.

వెయ్యి దాటలేదా?

స్క్రీన్ షేర్ పెట్టమన్నాను. ముందు ప్రోగ్రామ్ జోలికి వెళ్లలేదు. కొత్త రకం మడుల్లో అన్నిటికన్నా ఎక్కువ దిగుబడి ఎంతో చూపించమన్నాను. హెక్టారుకి 980 కిలోలని వచ్చింది.

''అక్కా, ఒక్క మడిలో కూడా వెయ్యి దాటలేదా?''

''ఎందుకు దాటలేదు? నేనే కదా తూకం వేసింది. కొన్నిట్లో పదకొండు వందలు, పన్నెండు వందలు కూడా వచ్చింది.''

దొంగ దొరికాడు! ఇక ఎలా లోపలికొచ్చాడో చూడాలి.

అక్క దిగుబడులన్నీ ఎక్సెల్‌లో వేసింది. చూడటానికి బాగుంటుందని వెయ్యి దాటిన అంకెలకి కామా వచ్చేలా ఫార్మాట్ పెట్టింది. తర్వాత ఆ ఫైల్‌ని సీఎస్‌వీగా సేవ్ చేసింది. అలా సేవ్ చేసినప్పుడు ఎక్సెల్ తెరమీద కనిపించే రూపాన్నే రాస్తుంది. అంటే 1150 కాస్తా కామాతో '1,150' అయి కూర్చుంది. ఆర్ దృష్టిలో అది అంకె కాదు, అక్షరాల ముక్క. ఒక కాలమ్‌లో ఒక్కటి అలా ఉన్నా చాలు, కాలమ్ మొత్తాన్నీ అక్షరాల కిందే తీసుకుంటుంది.

సగటు అడిగితే ఆర్ 'ఎన్‌ఏ' అంది. విలువ తెలియదు అని దానర్థం. అక్క గూగుల్‌లో వెతికి, యాజ్ డాట్ న్యూమరిక్ అనే ఫంక్షన్‌తో కాలమ్‌ని అంకెలుగా మార్చింది. కామా లేనివన్నీ అంకెలయ్యాయి. కామా ఉన్నవన్నీ ఎన్‌ఏలయ్యాయి. అప్పుడు ఎర్ర అక్షరాల్లో ఓ హెచ్చరిక కూడా వచ్చింది. 'మార్చేటప్పుడు కొన్ని ఎన్‌ఏలు పుట్టుకొచ్చాయి' అని దాని సారాంశం. ఎర్రర్ కాదు కదా అని అక్క వదిలేసింది. సగటు మళ్లీ ఎన్‌ఏ అనే వచ్చింది. ఈసారి ఎన్‌ఏలని పక్కనపెట్టి లెక్క చెయ్యమని ఇంకో చిన్న ముక్క చేర్చింది. జవాబు వచ్చేసింది!

ఏ మెట్టుకి ఆ మెట్టు సబబుగానే ఉంది చూడండి. మూడూ కలిస్తేనే కొంప మునిగింది.

చిన్న ఉదాహరణ చెబుతాను. కొత్త రకం నాలుగు మడుల్లో 920, 980, 1,150, 1,240 కిలోలు వచ్చాయనుకోండి. అసలు సగటు 1072.5. కామా ఉన్న రెండూ ఎగిరిపోతే మిగిలేది 950. పాత రకంలో 940, 960, 970, 990 వచ్చాయనుకోండి. ఒక్కటీ వెయ్యి దాటలేదు కాబట్టి ఒక్కటీ పోలేదు. సగటు 965. ఇంకేముంది, పాత రకమే గెలిచింది!

తరగతిలో బాగా మార్కులొచ్చిన పిల్లలందరికీ ఆబ్సెంట్ వేసి, మిగతావాళ్ల మార్కులతో సగటు తీసినట్టు. పంట బాగా పండిన మడులే లెక్కలోంచి మాయమయ్యాయి.

కామా తీసేసి అంకెగా మార్చే ఒక్క లైన్ రాశాం. రెండు నిమిషాల పని. దాన్ని కనిపెట్టడానికి పట్టింది మాత్రం గంటన్నర. దారి చూపించింది నా ప్రోగ్రామింగ్ కాదు, 'నేనే తూకం వేశాను' అన్న అక్క మాట.

పెద్దపెద్దవాళ్లకే తప్పలేదు

ఇది కొత్తగా నేర్చుకునేవాళ్ల తప్పు అనుకోకండి. 2010లో అమెరికా ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ఓ పత్రం ప్రచురించారు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని అందులో ఉంది. ప్రభుత్వాలు ఖర్చులు తగ్గించుకోవాలని వాదించినవాళ్లు చాలామంది దీన్నే చూపించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం విద్యార్థి థామస్ హెర్న్‌డన్ ఆ లెక్కని మళ్లీ చేసి చూస్తే, ఎక్సెల్ ఫార్ములాలో ఐదు దేశాల వరుసలు కలవలేదని బయటపడింది. దాంతోపాటు కొన్ని సంవత్సరాల డేటా వదిలేయడం, సగటు తీసిన పద్ధతి మీద కూడా అతనూ అతని ప్రొఫెసర్లూ అభ్యంతరం చెప్పారు. వాళ్ల లెక్కలో తేలిన సగటు ప్లస్ 2.2 శాతం. ఆ మళ్లీ చేసిన లెక్క చేసింది ఆర్‌లోనే!

కరోనా రోజుల్లో ఇంగ్లండ్‌లో ఇంకో విచిత్రం జరిగింది. 2020 సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 దాకా 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. పాత ఎక్సెల్ ఫైల్ ఫార్మాట్‌లో 65,536 వరుసలే పడతాయి. మిగిలినవి జారిపోయాయి. పాజిటివ్ వచ్చినవాళ్లకి ఫలితం అందింది కానీ, వాళ్లతో కలిసి తిరిగినవాళ్లని వెతికి పట్టుకోవడం ఆలస్యమైంది. మహమ్మారి రోజుల్లో ఆ ఆలస్యం ఖరీదు ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

దొంగలు దాక్కునే చోట్లు

అక్క సంగతి తెలిసి తన స్నేహితులు కూడా ఫైళ్లు పంపడం మొదలుపెట్టారు. చూడగా చూడగా, దొంగలెప్పుడూ ఆ నాలుగైదు చోట్లే దాక్కుంటారని అర్థమైంది.

అంకె వేషంలో అక్షరం: ఇందాక చెప్పిందే. ఇందులో 'ఫ్యాక్టర్' అనే రకం మరీ గడుసుది. 2020 ఏప్రిల్‌లో 4.0.0 వెర్షన్ వచ్చేదాకా, ఫైల్ చదివేటప్పుడు ఆర్ అక్షరాల కాలమ్‌ని తనంతట తానే ఫ్యాక్టర్‌గా మార్చేసేది. దాన్ని నేరుగా అంకెగా మారిస్తే మీ దిగుబడి రాదు, లోపల వేసుకున్న వరుస నంబర్లు 1, 2, 3 వస్తాయి. హెచ్చరిక కూడా ఉండదు! పాత ప్రోగ్రామ్‌లు వాడేవాళ్లు ముందు అక్షరాలుగా, ఆ తర్వాత అంకెలుగా మార్చుకోవాలి.

ఎన్‌ఏ తికమక: ఒక విలువ ఎన్‌ఏ అవునా కాదా అని రెండు ఈక్వల్ గుర్తులతో అడిగితే జవాబు కూడా ఎన్‌ఏనే. తెలియనిదాన్ని తెలియనిదానితో పోల్చమంటే అదేం చెబుతుంది పాపం? దానికోసం ఈజ్ డాట్ ఎన్‌ఏ అనే ఫంక్షన్ వేరే ఉంది. ఇంకో తమాషా ఏమిటంటే, నమీబియా దేశానికి రెండక్షరాల కోడ్ ఎన్‌ఏ. దేశాల కోడ్‌లున్న ఫైల్‌ని జాగ్రత్త లేకుండా చదివితే పాపం నమీబియా గల్లంతే.

ఇద్దరిని పిలిస్తే సగం మందే: 'జిల్లా ఈక్వల్స్ అనంతపురం, కర్నూలు' అని రెండు పేర్ల జాబితా ఇచ్చారనుకోండి. ఆర్ మొదటి వరుసని అనంతపురంతో, రెండో వరుసని కర్నూలుతో, మూడోదాన్ని మళ్లీ అనంతపురంతో... ఇలా మార్చిమార్చి పోల్చుకుంటూ పోతుంది. రావాల్సిన వరుసల్లో దాదాపు సగం రావు. మొత్తం వరుసలు సరిసంఖ్యలో ఉంటే చిన్న హెచ్చరిక కూడా ఇవ్వదు. ఇక్కడ ఈక్వల్ గుర్తులు కాదు, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య రాసే 'ఇన్' వాడాలి.

కలపబోతే కలవని పేర్లు: ఇది మన దగ్గర ఎక్కువ. ఒక ఫైల్‌లో అనంతపూర్, ఇంకోదాంట్లో అనంతపురం, మూడోదాంట్లో అనంతపురము. మనకి మూడూ ఒకటే. కంప్యూటర్‌కి మూడు వేరే ఊళ్లు. పేరు చివర కనిపించని ఖాళీ ఒక్కటున్నా అంతే సంగతి. పైగా 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు అనంతపురం వేరు, ఇప్పటి అనంతపురం వేరు, మధ్యలోంచి శ్రీసత్యసాయి జిల్లా విడిపోయింది. పేరు కలిసింది కదా అని పాత లెక్కనీ కొత్త లెక్కనీ జోడిస్తే దిగుబడి ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. పడిపోయింది దిగుబడి కాదు, జిల్లా వైశాల్యం!

దీనికి తిరగబడ్డ రోగం ఇంకొకటి. రెండు ఫైళ్లలోనూ ఒకే పేరు రెండేసిసార్లు ఉంటే, కలిపాక నాలుగు వరుసలవుతాయి. డీప్లైయర్ అనే ప్యాకేజీ 1.1.0 వెర్షన్ నుంచి దీని గురించి హెచ్చరిస్తోంది. చదివితే కదా!

తేదీల తంటా: 05/08 అంటే మనకి ఆగస్టు 5, అమెరికావాళ్లకి మే 8. ఏది ముందో మనమే చెప్పాలి. ఎక్సెల్ అయితే తేదీ కానిదాన్ని కూడా తేదీ చేసేస్తుంది. 'మార్చ్1', 'సెప్ట్2' అనే పేర్లున్న జన్యువులని అది తేదీలుగా మార్చేస్తుంటే విసిగిపోయి, జన్యువులకి పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం 2020లో ఆ పేర్లనే మార్చుకోవాల్సి వచ్చింది!

ఇలా చేసి చూడండి

అసలు ఫైల్‌ని ఎప్పుడూ ముట్టుకోవద్దు. మార్పులన్నీ ప్రోగ్రామ్‌లోనే రాయండి. తప్పు జరిగితే మళ్లీ మొదటినుంచి నడుపుకోవచ్చు.

ఫైల్ చదవగానే ఎస్‌టీఆర్, సమ్మరీ ఆదేశాలు ఇవ్వండి. ఏ కాలమ్ అంకె, ఏది అక్షరం, ఎన్ని ఎన్‌ఏలు, కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత అన్నీ తెలుస్తాయి.

ప్రతి మెట్టుకి ముందూ వెనకా వరుసలు లెక్కపెట్టండి. తగ్గినా పెరిగినా ఎందుకో చెప్పగలగాలి. చెప్పలేకపోతే అక్కడే ఆగండి.

ఎన్‌ఏలని పక్కన పెట్టేముందు అవి ఎవరివో చూడండి. పోయినవన్నీ ఒకే రకానికో, ఒకే ఊరికో చెందినవైతే అనుమానించాల్సిందే.

పెద్ద ఫైల్‌తో కుస్తీ పట్టకండి. ఐదారు వరుసలు తీసుకుని, చేత్తో జవాబు వేసుకుని, ప్రోగ్రామ్ జవాబుతో పోల్చండి. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు కూడా ఆ చిన్న ముక్కే చూపించండి. సగంసార్లు దాన్ని తయారు చేస్తుండగానే తప్పు దొరికిపోతుంది.

సోమవారం అక్క గైడ్‌గారికి కొత్త పట్టికలు చూపించింది. మూడేళ్ల సగటులో కొత్త రకమే పైన ఉంది. అయితే మధ్యలో వాన మొహం చాటేసిన సంవత్సరం మాత్రం రెంటికీ పెద్ద తేడా లేదు. అదీ ఉన్నదున్నట్టు రాసింది. ఎన్ని మడులు, ఎన్ని విలువలు, ఏవీ వదిలేయలేదని ఓ వాక్యం కూడా చేర్చింది.

ఆ వారమే ఇంటికి వెళ్లినప్పుడు నాన్న అడిగారట, ''అయితే ఈసారి మన చేలో ఏది వేద్దామమ్మా?'' అని.

ఆ శుక్రవారం రాత్రి ఫోన్ చేయకపోయి ఉంటే, పాతదే వెయ్యి నాన్నా అని చెప్పేదాన్నని అక్క ఇప్పటికీ అంటుంది. ఆ రోజు మాత్రం కాసేపు ఆలోచించి ఇలా చెప్పిందట...

''ముందు ఒక ఎకరంలో కొత్తది వేసి చూద్దాం నాన్నా. తూకం మాత్రం నేనే వేస్తా.''