విమానాశ్రయము నుండి ఇంటికి – బాడుగ కారు మాట్లాడుకొనుట



మన పూర్వులు విజయనగర ప్రభువుల కాలమునను, మధుర నాయక రాజుల కాలమునను తెలుగు సీమ నుండి కాలినడకను, ఎడ్లబండ్లమీదను ఈ నల్లరేగడి భూములకు వచ్చిరి. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమున జన్మించిన కి. రాజనారాయణన్ గారు 1976లో తమిళమున ప్రకటించిన “గోపల్ల గ్రామం” నవలకు అట్టి వలస కథలే ఆధారము. నాడు ఎన్నో దినములు పట్టిన దారి నేడు హైదరాబాదు నుండి మధురకు విమానమున సుమారు రెండు గంటలలో ముగియుచున్నది. అయినను విమానము దిగినంత మాత్రమున ఇల్లు చేరినట్లు కాదు. మధుర విమానాశ్రయము నుండి విరుదునగరమునకు సుమారు 40 కిలోమీటర్లు, కోవిల్‌పట్టికి సుమారు 90 కిలోమీటర్లు కలవు. ఈ కడపటి దూరమును గూర్చియే నేడు నేను మీతో ముచ్చటింపదలచితిని.

ఇది పెద్దలకు చెప్పవలసిన మాట గదా, మాకేల యని మీరు అడుగవచ్చును. మన యిండ్లలో విమానపు టిక్కెట్టు ఆంగ్లమున నుండును. కారు నడుపువాడు తమిళము మాటలాడును. దిగివచ్చు అవ్వకో తాతకో తెలుగే బాగుగా వచ్చును. ఈ మూడు భాషలును తెలిసినవారు ఇంటిలో మీరే. కావున కారు మాట్లాడు పని తరచుగా మీ చేతికే వచ్చుచున్నది.

ముందుగా మాటను గూర్చి ఒక మాట. మనము “బాడుగ” అందుము. తమిళులు “వాడగై” అందురు. కన్నడిగులు “బాడిగె” అందురు. ఇవి మూడును ఒక ఇంటి మాటలే. నేను ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో “బాడుగ కారు” అనగా కోస్తా జిల్లాల మిత్రులు కొందరు నవ్విరి. వారు “కిరాయి” అనిరి, “అద్దె” అనిరి. పేరేదైనను సంగతి ఒక్కటే: మన సొత్తు కాని బండిని, ఒక పనికై, ఒక వెలకు, ఒప్పందముపై వాడుకొనుట. ఒప్పందమనునదియే ఇందు ముఖ్యము. అది స్పష్టముగా లేనిచో ఏమగునో నా యింటి అనుభవమే చెప్పును.

కొన్ని యేండ్ల క్రిందట వేసవిలో మా మేనత్త హైదరాబాదు నుండి ఒంటరిగా బయలుదేరినది. ఆమెకు డెబ్బది దాటినవి, చదువు రాదు. నేను ఒక బాడుగ కార్ల వారికి ఫోను చేసి, “రేపు రాత్రి ఎనిమిదిన్నరకు మధుర విమానాశ్రయమునకు కారు కావలెను, కోవిల్‌పట్టి చేర్పవలెను” అంటిని. “సరే, కిలోమీటరు లెక్క” అని వారనిరి. అంతటితో పని ముగిసినదనుకొంటిని.

విమానము గంటకు పైగా ఆలస్యమైనది. ఆ సంగతి కారువారికి ఎవరును చెప్పలేదు. వచ్చిన డ్రైవరు కొంతసేపు చూచి వెడలిపోయెను. పిమ్మట వారు వేరొక కారును పంపిరి. దాని నంబరు పలక తెల్లది. “మీ వాళ్లే పంపినారు” అని అతడనగా అత్త ఎక్కి కూర్చున్నది. సాత్తూరు దాటిన తరువాత అతడు తిరుగు ప్రయాణపు బాడుగ, వేచియున్న సొమ్ము, రాత్రి బత్తా, టోలు రుసుము అన్నియు వేరువేరుగా అడిగెను. అత్త కొంగున అంత సొమ్ము లేదు. ఆ చీకటిలో బండి ప్రక్కకు ఆపించి, ఆమె వణకుచున్న గొంతుతో నాకు ఫోను చేసినది. “నన్నిక్కడ దింపేస్తాడేమో నాయనా” అన్నది. దైవకృప వలన ఆమె క్షేమముగా ఇల్లు చేరినది. కాని ఆ రాత్రి నాకు నిదుర రాలేదు. ఆలోచించిన కొలది తప్పులో సగము నాదేయని తోచినది. నేను ఆడిన మాటలో నాలుగు లోపములు కలవు. వానిని ఒక్కొక్కటిగా వివరింతును.

మొదటిది, ఎట్టి బండి యని నేను అడుగలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ప్రయాణికులను బాడుగకు తీసికొనిపోవు బండికి పర్మిట్టు ఉండవలెను. బండి మొత్తమును ఒక ఒప్పందముపై మాట్లాడుకొని, నడుమ ఇతరులను ఎక్కించుకొనక ఒకచోటి నుండి మరియొక చోటికి పోవునట్టి బండిని ఆ చట్టము “కాంట్రాక్టు క్యారేజి” అని పేర్కొన్నది. డ్రైవరు గాక ఆరుగురికి మించని బండి మోటారు క్యాబు. ఆరుగురికి మించి పండ్రెండుగురి వరకు పట్టునది మాక్సీ క్యాబు.

ఈ సంగతులు మన కంటికి ఎట్లు తెలియును? నంబరు పలకయే తెలుపును. పసుపు పలకపై నల్లని అక్షరములున్నచో అది బాడుగ బండి. తెల్లని పలకపై నల్లని అక్షరములున్నచో అది సొంత వాడుకకు ఉద్దేశింపబడిన బండి. విద్యుచ్ఛక్తితో నడచు బండ్లకు ఆకుపచ్చ పలక యుండును. అందు తెల్లని అక్షరములు సొంత బండికి, పసుపు అక్షరములు బాడుగ బండికి గుర్తు. నల్లని పలకపై పసుపు అక్షరములున్నది మనమే నడుపుకొనుటకు ఇచ్చు బండి.

రంగుతో మనకేమి పని యని తేలికగా తలపరాదు. సొంత బండి బీమా పత్రములో దానిని బాడుగకు నడుపరాదను షరతు ఉండును. అట్టి బండిలో బాడుగ యిచ్చి కూర్చున్నవారికి ప్రమాదము జరిగినచో పరిహారము పొందుట చిక్కులపాలగును. తెల్ల పలక బండివాడు వంద రూపాయలు తక్కువ యనును. ఆ వంద రూపాయలకై మన అవ్వ ప్రాణమునకు గల రక్షణను విడిచిపెట్టుట తగదు గదా!

రెండవది, “కిలోమీటరు లెక్క” అనగా ఏమి లెక్క యని నేను అడుగలేదు. ఒక చిన్న గణితము చేయుదము. వెల మారుచుండును గనుక ఇవి ఉదాహరణకై ఊహించిన అంకెలు మాత్రమే. కిలోమీటరునకు 15 రూపాయలనుకొనుడు. కోవిల్‌పట్టికి 90 కిలోమీటర్లు. ఒకదారి లెక్క యైనచో 1,350 రూపాయలు. కాని కారు ఉత్తదిగా మధురకు మరలిపోవలెను గదా! ఆ తిరుగు దూరమును కూడ కలిపినచో 180 కిలోమీటర్లు, అనగా 2,700 రూపాయలు. డ్రైవరు బత్తా 400 చేర్చినచో 3,100 అగును. టోలు రుసుము వేరు. ఇరువురును “పదునైదు రూపాయలు” అనుచునే యున్నారు. ఒకరి మనస్సున 1,350, మరియొకరి మనస్సున 3,100! ఇందు మోసము లేకపోవచ్చును. తిరుగు బాడుగ అడుగుట కారువారికి న్యాయముగనే తోచును. ముందు చెప్పకపోవుటయే జగడమునకు మూలము.

కావున అడుగవలసిన ప్రశ్నలు ఇవి: ఇది ఒకదారి వెలయా, రానుపోను వెలయా? బత్తా చేరినదా? టోలు రుసుము, విమానాశ్రయమున కారు నిలుపు రుసుము ఎవరివి? ఎంతసేపు ఉచితముగా వేచియుందురు? అటుపిమ్మట గంటకెంత? కనీసము ఇన్ని కిలోమీటర్లకు సొమ్ము కట్టవలెనను నియమము కలదా? ఇవన్నియు అడిగి, కడపట “అన్నియు కలిపి ఇంటి గుమ్మము వరకు ఎంత?” అని ఒకే అంకెను చెప్పించుకొనవలెను. మధుర నుండి కోవిల్‌పట్టికి వచ్చు 44వ నంబరు జాతీయ రహదారిపై కప్పలూరు వద్దను, ఎట్టూరువట్టము వద్దను టోలు గేట్లు కలవు. 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగు తప్పనిసరి యైనది. సొమ్ము కారువాని ఖాతా నుండి పోవును గాన అతడు తరువాత మనలను అడుగుట సహజము.

జర్మనీ దేశపు బ్రూన్ అనునతడు 1891లో దూరమును బట్టి వెలను చూపు టాక్సీమీటరును నిర్మించెను. దాని పేరు నుండియే “టాక్సీ” అను మాట పుట్టినది. నేడు ఊబర్, ఓలా వంటి సెల్‌ఫోను సేవలలో వెల ముందుగనే తెరమీద కనబడును. కాని మన వైపు దూరపు ప్రయాణములకు ఊరి కారువారినే ఫోనులో మాట్లాడుకొనుట ఎక్కువ. మీటరు లేనిచోట ముందుగా ఆడిన మాటయే కొలత.

మూడవది, విమానపు వివరములను నేను తెలుపలేదు. “ఎనిమిదిన్నర” అంటిని గాని విమానపు నంబరు చెప్పలేదు. ఆ నంబరు తెలిసినచో కారువారు తామే ఆలస్యమును ఫోనులో చూచుకొందురు. విమానము నేల దిగు వేళ వేరు, మనిషి వెలుపలికి వచ్చు వేళ వేరు. పెట్టెలకై కొంతసేపు నిలువవలెను. విదేశముల నుండి మధురకు వచ్చువారికి పాసుపోర్టు తనిఖీ, సుంకపు తనిఖీ కూడ ఉండును గాన మరింత సేపు పట్టును. విదేశము నుండి వచ్చువారి ఫోను ఇచ్చట పనిచేయకపోవచ్చును. డ్రైవరు పేరు, నంబరు కాగితముపై వ్రాసి యుంచుకొనుమని ముందే చెప్పుడు.

విమానాశ్రయము పేరును కూడ స్పష్టముగా చెప్పవలెను. కోవిల్‌పట్టి వారికి తూత్తుకుడి విమానాశ్రయము దగ్గర. వాగైకుళమున నున్న అది సుమారు 60 కిలోమీటర్లే. 2025 జూలై 26న అచ్చట క్రొత్త భవనమును ప్రధానమంత్రి ప్రారంభించిరి. కాని హైదరాబాదు నుండి వచ్చువారు మధురలో దిగవచ్చును. “ఎయిర్‌పోర్టు” అని మాత్రమే చెప్పినచో కారు ఒకచోట, అవ్వ మరియొకచోట నుండు ప్రమాదము కలదు.

ఎందరు వచ్చుచున్నారు, ఎన్ని పెట్టెలు అనునదియు చెప్పుడు. సి.ఎన్.జి. వాయువుతో నడచు కార్లలో వెనుక డిక్కీలో సిలిండరు ఉండుట వలన పెట్టెలకు చోటు తగ్గును. నలుగురు కూర్చుండు కారని సంతసించి, పెట్టెలను ఒడిలో పెట్టుకొని 90 కిలోమీటర్లు రావలసివచ్చును.

నాలుగవది, వచ్చిన బండి మనదేనా యని అత్త తెలిసికొనుటకు నేను ఏ గుర్తును ఈయలేదు. డ్రైవరు పేరు, ఫోను నంబరు, కారు నంబరు ముందుగా తెప్పించుకొని వచ్చువారికి చెప్పవలెను. చదువురాని వారికైనను కడపటి నాలుగు అంకెలు నేర్పవచ్చును. “మిమ్ము పంపినది ఎవరు? నన్నెచ్చటికి తీసికొనిపోవలెను?” అని వారే డ్రైవరును అడుగవలెను, “మీరు ఫలానావారా?” అని డ్రైవరు అడిగినప్పుడు “ఔను” అనుట గుర్తుపట్టుట కాదు. నంబరు సరిపోలనిచో ఎక్కక, వెలుతురున్నచోట నిలిచి ఇంటికి ఫోను చేయవలెను. ఆపద తోచినచో 112కు పిలువవచ్చును.

ఈ నాలుగును నోటితో చెప్పి ఊరకుండక వ్రాసి పంపుడు. నమూనా యిది:

“తేది, వారము. విమానము పేరు, నంబరు. మధుర విమానాశ్రయమున దిగు వేళ రాత్రి 8-30. వచ్చువారు: ఒక వృద్ధురాలు, పెట్టెలు రెండు. చేరవలసినది: కోవిల్‌పట్టి, వీధి, గుర్తు. పసుపు పలక కారు. టోలు, బత్తా, నిలుపు రుసుము, తిరుగు బాడుగ అన్నియు కలిపి ఇన్ని రూపాయలు. ఇల్లు చేరిన తరువాత ఇంటివారు చెల్లింతురు. ఆలస్యమైనచో ఇంత సేపటి వరకు అదనపు సొమ్ము లేదు. డ్రైవరు పేరు, కారు నంబరు తెలుపగోరుచున్నాము.”

దీనిని తమిళమున వ్రాసి కారువారికి పంపి, “సరే” అను జవాబు తెప్పించుకొనుడు. తెలుగున వ్రాసి అవ్వకు చదివి వినిపింపుడు. ఇంతకన్న ఉపయుక్తమైన అనువాదాభ్యాసము నాకు తెలియదు.

ఒప్పందము ఇరువురిని కట్టును. డ్రైవరు కూడ ఒక తల్లి బిడ్డయే. విమానము ఆలస్యమని తెలిసిన తక్షణము అతనికి చెప్పుడు. ప్రయాణము ఆగినచో వెంటనే తెలుపుడు. మనకై విడిచిన మరియొక బాడుగ అతనికి మరల రాదు. ఇల్లు చేరినప్పుడు ఒక చెంబు నీరిచ్చి, ఒప్పుకొన్న సొమ్మును బేరమాడక చెల్లింపుడు. అర్ధరాత్రి మరల 90 కిలోమీటర్లు పోవలసినవాడు నిదురమత్తులో నున్నట్లు తోచినచో కొంతసేపు విశ్రమింపుమని చెప్పుట మన ధర్మము.

అందరికిని కారే అవసరమని నా భావము కాదు. పగటివేళ దిగిన ఆరోగ్యవంతులు మధుర పట్టణము చేరి, రైలులోనో బస్సులోనో రావచ్చును. విరుదునగరము, సాత్తూరు, కోవిల్‌పట్టి మూడును మధుర–తిరునెల్వేలి రైలు మార్గములోనివే. కారు వృద్ధులకు, రోగులకు, పసిబిడ్డల తల్లులకు, రాత్రి దిగువారికి.

మొన్న వేసవిలో మా మేనత్త మరల వచ్చినది. ఈసారి కారును నేను మాట్లాడలేదు. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి మాట్లాడినది. అత్త కారు దిగి, గుమ్మములోనే నిలిచి, నంబరులోని కడపటి నాలుగు అంకెలను మాకు అప్పగించినది. నాటి భయము ఆమె ముఖమున కానరాలేదు. మీ ఇంటికి వచ్చు పెద్దలును అట్లే నిశ్చింతగా గుమ్మము చేరునట్లు చూచు భారము ఇక మీది.