షుగరు ఉన్నవారికి వేరే వంట అక్కరలేదు

"సిస్టరుగారూ, ఇక అన్నం మాన్పించాల్సిందేనా?" అని రోగి ఇంటివారు తరచు అడుగుతారు. మాన్పించనక్కరలేదు, తగ్గించాలి. అన్నంలోని పిండిపదార్థమే రక్తంలో చక్కెరగా మారుతుంది. 100 గ్రాముల బియ్యంలో అది సుమారు 78 గ్రాములుంటుంది. రాగులు, జొన్నలలోనూ 70కి దగ్గరగానే ఉంటుంది. కనుక సంకటి, రొట్టె అయినా కొలత ప్రకారమే పెట్టండి.

ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేయండి. కంచంలో సగం బీరకాయ, సొరకాయ, బెండకాయ, తోటకూర వంటి కూరలు, పావు వంతు పప్పు, గుడ్డు లేక చేప, మిగిలిన పావు వంతే అన్నం వడ్డించండి. ముందు కూర తిననిచ్చి తరువాత అన్నం పెట్టండి. బంగాళాదుంప, చేమదుంప కూర లెక్క కాదు, అన్నం లెక్కే. ఉదయం ఇడ్లీకి బదులు పెసరట్టు మంచిది. కూరలో నూనె తగ్గించండి.

ఒక జాగ్రత్త. ఇన్సులిన్ గాని, షుగరు మాత్రలు గాని వాడేవారికి డాక్టరుగారిని అడగకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకురండి. కిడ్నీ జబ్బు ఉంటే పప్పు, గుడ్డు, చేప ఎంత పెట్టాలో అడగండి.

ఒక్కరికే పథ్యమంటే నాలుగు రోజుల్లో విసుగు పుడుతుంది. ఇంటివారంతా అదే తింటే అది పథ్యమనిపించదు. ప్రభువు మీ ఇంటిని దీవించును గాక.