అంతరగంగపై శనివారం గుడారం
బెంగళూరు కుర్రకారుకు విడిది... కొండమీది ఊళ్లకు నిప్పు భయం

కోలారు: శనివారం రాత్రి పదకొండు కావస్తుంటుంది. బస్టాండు దగ్గర టీ అంగళ్లు ఒక్కొక్కటే మూసేస్తుంటారు. సరిగ్గా అప్పుడే బెంగళూరు రోడ్డు మీంచి ఓ టెంపో ట్రావెలర్, దాని వెనకే నాలుగైదు బైకులు వచ్చి ఆగుతాయి. వీపున సంచులు, నుదుటికి కట్టుకున్న లైట్లు, చంకలో చుట్ట చుట్టిన గుడారాలు. అంతరగంగకు దారెటు అని కన్నడంలోనో, హిందీలోనో, ఇంగ్లిష్‌లోనో అడుగుతారు. అంగడాయన తెలుగులో ఏదో గొణుక్కుంటూ చీకట్లో నల్లగా కనిపిస్తున్న కొండ వైపు వేలు చూపిస్తాడు.

వానాకాలం వెళ్లి చలి మొదలైందంటే చాలు... కోలారు వాళ్లకు ఇది వారం వారం కనిపించేదే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, పెళ్లయిన కొత్త జంటలు ఒక్క రాత్రి కొండపై గడిపి ఆదివారం మధ్యాహ్నానికల్లా ఇళ్లకు చేరిపోతుంటారు.

సముద్రం దూరం... కొండ దగ్గర

విశాఖలోనో, చెన్నైలోనో ఉన్నవాళ్లకు మనసు బాగాలేకపోతే సముద్రపు ఒడ్డు ఉంది. బెంగళూరు వాళ్లకు ఆ భాగ్యం లేదు. తూర్పున చెన్నైకి వెళ్లాలన్నా, పడమర మంగళూరుకు వెళ్లాలన్నా 350 కిలోమీటర్ల దాకా ప్రయాణం. శని, ఆది రెండురోజుల సెలవులో సగం బస్సులోనే గడిచిపోతుంది. అందుకే వాళ్లంతా కొండల మీద పడ్డారు. నంది కొండ, స్కందగిరి, సావనదుర్గ... ఆ వరుసలోదే మన అంతరగంగ. బెంగళూరుకు 70 కిలోమీటర్లు. కోలారు పట్టణం నుంచి మూడు, నాలుగు కిలోమీటర్లే. మిగతా కొండల్లో ఎక్కడం, దిగడమే. ఇక్కడ గుహలున్నాయి.

శతశృంగ పర్వతమని పెద్దలు పిలిచే ఈ కొండల వరుస అంతా గుండ్లే. ఏనుగంత గుండు మీద ఇల్లంత గుండు. వాటి మధ్య సందుల్లో ఏర్పడిన దారుల్లోంచి పాకుతూ ఒకచోట దూరి మరోచోట తేలాలి. కొన్నిచోట్ల పొట్ట లోపలికి లాక్కుంటే తప్ప మనిషి పట్టడు. పగలు చూస్తే పిల్లల ఆటలా ఉంటుంది. రాత్రి టార్చి వెలుగులో అదే సందు వేరే లోకంలా కనిపిస్తుంది. నగరం నుంచి వచ్చేవాళ్లు డబ్బులిచ్చి మరీ కోరుకునేది ఈ భయమే!

బసవన్న నోట గంగ

కోలారు జనానికి అంతరగంగ అంటే ట్రెక్కింగ్ కాదు, కాశీ విశ్వేశ్వరుడి గుడి. మెట్లెక్కి వెళితే చెట్ల నీడన కల్యాణి, దానిలోకి రాతి బసవన్న నోట్లోంచి ఏడాది పొడుగునా జారే నీటిధార. బోర్లు వెయ్యి అడుగులు దాటి తవ్వినా తడి తగలని జిల్లాలో, కొండపైన నీళ్లు ఎండిపోకుండా రావడాన్ని జనం మహిమ అనుకోవడంలో వింతేమీ లేదు. కార్తీక సోమవారాల్లో, శివరాత్రికి మెట్ల మీద కాలు పెట్టే చోటు దొరకదు. వచ్చినవాళ్లు ఆ నీళ్లు సీసాల్లో పట్టుకెళతారు.

పరశురాముడి కథ కూడా ఈ కొండదే అంటారు. జమదగ్ని మహర్షి ఆశ్రమంలోని కామధేనువు కోసం కార్తవీర్యార్జునుడు గొడవకు దిగడం, మహర్షి హతుడు కావడం, పరశురాముడి ప్రతిజ్ఞ... ఆ యుద్ధంలో పుట్టిన కోలాహలం నుంచే కోలాహలపురం, అదే కోలారు అయిందని స్థలపురాణం.

మహిమ సంగతి అలా ఉంచితే, ధార వెనక ఒక లెక్క ఉంది. కొండపై పడిన వానను అక్కడి మట్టి, గడ్డి, పొదలు పట్టి ఉంచుతాయి. అది రాతి పగుళ్లలోంచి మెల్లగా దిగి కింద ఎక్కడో ఒకచోట బయటికొస్తుంది. పైన పచ్చదనం ఉన్నంతవరకే ఈ ఏర్పాటు. గడ్డి కాలిపోయి మట్టి కొట్టుకుపోతే, కురిసిన వాన కురిసినట్టే బండల మీంచి జారి కిందికి పోతుంది. గుడారాల సరదాకు, గుడిలోని ధారకు సంబంధం ఇక్కడే పడుతుంది.

ఒక్క నిప్పురవ్వ చాలు

గుడారం అనగానే చలిమంట ఉండాలన్నది సినిమాలు నేర్పిన అలవాటు. జనవరి రాత్రుల్లో ఇక్కడ చలి బాగానే వణికిస్తుంది. కోలారు పట్టణమే సముద్ర మట్టానికి దాదాపు 2,700 అడుగుల ఎత్తున ఉంది, కొండపైన గాలి ఇంకా కొరుకుతుంది. నాలుగు ఎండుపుల్లలు ఏరి మంట వేసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ సంక్రాంతి దాటేసరికి కొండ మీద గడ్డి మోకాలెత్తున ఎండి చిటపటలాడుతూ ఉంటుంది. వేకువన గాలి లేచినప్పుడు బూడిద కింద దాగిన ఒక్క కణిక ఎగిరిపడినా చాలు. కింద కోలారులో నిద్రలేచిన వాళ్లకు కొండ మీద ఎర్రటి గీత కనబడుతుంది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ కొండలకు గండమే. మంటలన్నీ గుడారాల వాళ్లవే అనడం న్యాయం కాదు. బీడీ ముక్కలూ ఉంటాయి, కొత్త గడ్డి బాగా వస్తుందని పశువుల కాపరులు పెట్టే నిప్పూ ఉంటుంది. అయితే కాపరికి గాలి ఎటు తిరుగుతుందో తెలుసు. రాత్రి ఒంటిగంటకు వచ్చి ఉదయం తొమ్మిదికి వెళ్లిపోయేవాడికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

బండ మీద వేసుకుంటే పరవాలేదనుకుంటారు కొందరు. అదీ తప్పే. వేడికి రాయి పైపొర పెచ్చులుగా లేస్తుంది, మసి ఏళ్ల తరబడి పోదు. గుహల దగ్గర నల్లబడిన గుండ్లు, పగిలిన సీసా పెంకులు, చిప్స్ కవర్లు... ఎక్కడ గుడారాలు వేశారో చెప్పడానికి బోర్డులు అక్కర్లేదు. గాజుపెంకు గుచ్చుకునేది మళ్లీ రాని బెంగళూరు కుర్రాడికి కాదు, రోజూ అక్కడే మేసే మేకకు.

పైన కూడా ఊళ్లున్నాయి

వచ్చేవాళ్లలో చాలామందికి తెలియని విషయం, కొండపైన మనుషులు కాపురముంటున్నారని. తేరహళ్లితో కలిపి ఏడు ఊళ్లని చెబుతారు. రాగి, ఉలవ, అనప పండించుకుంటూ, ఆవుల్నీ మేకల్నీ మేపుకుంటూ బతికే జనం. కన్నడం, తెలుగు రెండూ కలిపి మాట్లాడతారు. అర్ధరాత్రి స్పీకర్లు పెట్టి కేకలు వేస్తే వినేది ఖాళీ అడవి కాదు, పొద్దున్నే చేలోకి వెళ్లాల్సిన రైతు.

అలాగని ఊళ్లవాళ్లు వీళ్లను వద్దనుకుంటున్నారా అంటే, అదీ లేదు. దారి చూపిస్తే కూలి దొరుకుతుంది. భోజనం వండిపెడితే నాలుగు డబ్బులు వస్తాయి. చలికాలం అంటే ఈ ప్రాంతంలో అనపకాయల కాలం. వేడి వేడి రాగిసంగటి, పక్కన పితికిన పప్పు పెడితే పిజ్జాలు తినే నోళ్లు కూడా ఇంకో ముద్ద అడుగుతాయి. అసలు చిక్కు ఏమిటంటే, ఈ రాత్రి విహారానికి తలా ఇంత అని వసూలు చేసేది నగరంలోని నిర్వాహకులు. బస్సు అక్కడిది, గుడారం అక్కడిది, ఉప్మా కూడా అక్కడ్నుంచే డబ్బాల్లో వస్తుంది. కొండకు మిగిలేది కవర్లే. బస, భోజనం, దారి చూపే మనిషి... ఈ మూడూ ఊళ్ల నుంచే తీసుకోవాలన్న కట్టుబాటు ఒక్కటి ఉంటే, నిప్పు పెట్టేవాణ్ని ఆపే మనిషి కూడా ఆ గుంపులోనే ఉంటాడు. అటవీశాఖ కాపలాదారులు ఎన్ని కొండలని తిరుగుతారు?

చట్టం మాట వేరే ఉంది. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లడం, నిప్పు రాజేయడం 1963 నాటి కర్ణాటక అటవీ చట్టం కింద నేరం. 2024 జనవరిలో దక్షిణ కన్నడ వైపున కుమారపర్వతానికి ఒక్కసారిగా జనం పోటెత్తడంతో రాష్ట్ర ప్రభుత్వం మేలుకుంది. ఆన్‌లైన్ టికెట్ల ఏర్పాటు లేని ట్రెక్కింగ్‌లను కొంతకాలం ఆపేసింది. అదే ఏడాది అక్టోబరులో ‘అరణ్య విహార’ అనే వెబ్‌సైట్ తెచ్చింది. కాబట్టి పాత వీడియోలు చూసి రాత్రికి రాత్రి బయలుదేరడం కాకుండా, అనుమతి ఉందో లేదో, రాత్రి బసకు ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోవాలి. ఒప్పుకోకపోతే తెల్లవారుజామున ఎక్కినా సూర్యోదయం ఎక్కడికీ పోదు.

తేళ్లకో తల్లి

కొండలో చిరుతలు తిరుగుతాయి. గుంపుగా ఉంటే దగ్గరికి రావన్నది మాటవరసకే, ఒంటరిగా పొదల చాటుకు వెళ్లకపోవడం మేలు. గుడి దగ్గర కోతులకు మాత్రం ఏ భయమూ లేదు, చేతిలో సంచి కనిపిస్తే లాక్కుపోతాయి. వీటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది తేలును. పగలంతా వేడెక్కిన రాళ్ల కింద నక్కి రాత్రి బయటికొస్తుంది. కోలారమ్మ గుడిలో చేళమ్మ అనే తేళ్ల తల్లికి ఊరికే పూజలు చేయడం లేదు. ఆ తల్లికి మొక్కితే తేలు కుట్టదని ఇక్కడి నమ్మకం. మొక్కినా మొక్కకపోయినా బూట్లు తొడిగే ముందు ఒకసారి దులపండి, గుడారం జిప్పు మూసి ఉంచండి.

మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు మోసుకెళ్లాలి. కల్యాణిలో సబ్బు పెట్టి ముఖాలు కడగకూడదు. తెచ్చిన ప్రతి కవరూ తిరిగి సంచిలోకే చేరాలి. వానల్లో గుండ్లు నూనె రాసినట్టు జారతాయి కనుక గుహల జోలికి వెళ్లకపోవడమే మంచిది. నవంబరు నుంచి జనవరి దాకా అనువైన కాలం.

తెల్లారితే చెరువులు

ఇంత కష్టపడి ఎక్కినందుకు ఫలితం ఆరున్నర ప్రాంతంలో దక్కుతుంది. మంచు విడిపోతుంటే కింద కోలారు పట్టణం, దాని చుట్టూ చెరువులు అద్దాల్లా మెరుస్తాయి. శాశ్వత నది ఒక్కటీ లేని ఈ జిల్లాకు చెరువుగట్టే సముద్రతీరం. ఒకప్పుడు వరసగా కరవులొచ్చి ఇవి బీడుపడ్డాయి. ఇప్పుడు వీటిలో చాలావాటిలో ఉన్నవి బెంగళూరు నీళ్లే. కోరమంగళ - చల్లఘట్ట లోయలోని నగరపు మురుగును శుద్ధి చేసి గొట్టాల్లో ఇటు పంపే పథకం అది. రోజుకు 44 కోట్ల లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. 2018 జూన్‌లో తొలిగా లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. భూగర్భజలం పెరిగిందని సంతోషించే రైతులున్నారు, మూడో దశ శుద్ధి కూడా చేసి పంపాలని పోరాడుతున్నవాళ్లూ ఉన్నారు. కొండమీద నిలబడి ఆ మెరుపును ఫొటో తీసుకునే నగరవాసికి, తాను వాడి వదిలిన నీళ్లే తన కంటికి అంత అందంగా కనిపిస్తున్నాయని తెలియదు.

గట్టుమీద కూర్చోవాలనుకునే వాళ్లకు బేతమంగళ ఉంది. పాలారుపై ఉన్న ఈ పెద్ద చెరువే గనుల రోజుల్లో కేజీఎఫ్‌కు తాగునీళ్లిచ్చింది. వానలు బాగా పడిన ఏడు, సాయంకాలం అక్కడి గాలి హాయిగా ఉంటుంది. తాగే నీళ్లు కనుక గట్టున వంటలు, గిన్నెలు కడగడాలు పెట్టుకోకూడదు.

కేజీఎఫ్ దాకా వెళ్లేవాళ్లకు ఒక్క మాట. 2018లో వచ్చిన సినిమా తర్వాత సైనైడ్ దిబ్బలు చూడాలని వచ్చేవాళ్లు పెరిగారు. ఇసుక తిన్నెల్లా కనిపిస్తాయి, గుడారం వేయబుద్ధవుతుంది. అవి తిన్నెలు కావు. 2001 ఫిబ్రవరి 28న మూతపడే దాకా నూరేళ్లకు పైగా గనుల్లోంచి తవ్వి, పిండి చేసి, సైనైడ్‌తో బంగారం తీశాక పారబోసిన రాతిపొడి. గాలి లేచిన రోజున ఆ దుమ్ము చుట్టుపక్కల ఇళ్లలో అన్నం కంచాల్లో పడుతుంది. అక్కడ ఉంటున్న వాళ్లకు వేరే దారి లేదు. సరదాకు వెళ్లి పడుకోవాల్సిన చోటు మాత్రం కాదు.

ఎలా వెళ్లాలి?

చిత్తూరు, పలమనేరు వైపు నుంచి వచ్చేవాళ్లకు నంగిలి, ముళబాగిలు మీదుగా జాతీయ రహదారి నేరుగా కోలారు చేరుస్తుంది. మదనపల్లె వాళ్లు శ్రీనివాసపుర మీదుగా రావచ్చు. కుప్పం నుంచి రైల్లో బంగారపేట దిగితే అక్కడ్నుంచి కోలారుకు బస్సులున్నాయి. కోలారు నుంచి కొండ అడుగుదాకా ఆటోలు వస్తాయి. తేరహళ్లికి పైదాకా రోడ్డు ఉంది. రాత్రిపూట తిరుగు ఆటో దొరకదు, ముందే మాట్లాడుకోవాలి.