అసమ యుద్ధ సన్నివేశం (యుద్ధక్రీడ)

అసమ యుద్ధ సన్నివేశం అనగా బలాబలాలలో పొంతన లేని ఒక చారిత్రక యుద్ధాన్ని, చిన్న సైనిక బొమ్మలతో బల్లపై ఆడే యుద్ధక్రీడకు అనువుగా మలచిన రూపం. ఇందులో ఇరుపక్షాల సేనలను సమానం చేయరు. ఆటగాళ్ళు ఇద్దరికీ గెలిచే అవకాశాన్ని మాత్రమే సమానం చేస్తారు. 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధం ఈ ప్రక్రియను వివరించడానికి తగిన తెలుగునాటి ఉదాహరణ.

నేపథ్యం

చదరంగంలో ఇరువురికీ పదహారేసి పావులుంటాయి. నిజమైన యుద్ధాలలో ఇటువంటి సమానత్వం అరుదు. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ తమ సైన్యానికి శిక్షణ నిమిత్తం పటంపై ఆడే యుద్ధక్రీడకు నియమావళిని ప్రకటించాడు. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్ "లిటిల్ వార్స్" అనే పుస్తకంలో బొమ్మ సైనికులతో ఆడే పద్ధతిని వివరించాడు. ఇరవయ్యవ శతాబ్దంలో ఇది పలు దేశాలలో ఒక వ్యాసంగంగా స్థిరపడింది.

బలాలు సమానంగా లేని ఆట తెలుగువారికి కొత్త కాదు. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు ఉంటాయి. పులి మేకలను దాటి చంపాలి. మేకలు పులులను కదలకుండా కట్టడి చేయాలి. రెండు పక్షాల సంఖ్య వేరు, కదలిక వేరు, గెలుపు వేరు. అయినా ఆట రసవత్తరంగా సాగుతుంది. అసమ యుద్ధ సన్నివేశానికి మూలసూత్రం కూడా ఇదే.

బొబ్బిలి యుద్ధం - బలాబలాలు

ఉత్తర సర్కారులలో ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు కలిసి 1757 జనవరి 24న బొబ్బిలి కోటను ముట్టడించారు. బొబ్బిలి ప్రభువు రంగారావు తన పూర్వీకుల నేలను విడిచిపోవడానికి అంగీకరించలేదు. పద్దెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ కథనం ప్రకారం ఇరుపక్షాల బలాలు ఇవి:

* ముట్టడిదారులు: ఐరోపా సైనికులు 750 మంది (వీరిలో 250 మంది ఆశ్వికులు), విజయరామరాజు బలగం 11,000, ఫిరంగులు 4.
* కోటలోనివారు: ఆయుధధారులు 250 మంది, దాదాపు దానికి రెట్టింపు స్త్రీలు, పిల్లలు.

అంటే ఒక్కొక్క రక్షకునికి సుమారు 47 మంది శత్రువులు. అయినా తెల్లవారుజామున మొదలైన దాడి మధ్యాహ్నం రెండు గంటల వరకు ఫలించలేదు. ఫిరంగులతో గోడ పైభాగాన్ని కూల్చి, నాలుగు బురుజులపై ఒకేసారి నిచ్చెనలు వేసినా మొదటి దాడిలో ఒక్కరు కూడా లోపలికి దిగలేకపోయారు. సన్నివేశ కల్పనకు ఈ వాస్తవమే ఆధారం. కోటగోడపై ఒకేసారి పోరాడగలిగేది నిచ్చెనలు పట్టినంతమందే కాబట్టి, వెనుకనున్న వేలమంది బలం ఆ క్షణంలో లెక్కకు రాదు.

సన్నివేశ కల్పన

యుద్ధం మొత్తాన్ని ఒకే కొలతలో బల్లపై పెట్టడం ఆచరణలో సాధ్యం కాదు. ఒక బొమ్మ 50 మందికి గుర్తు అనుకుంటే ముట్టడిదారులకు 235 బొమ్మలు, రక్షకులకు కేవలం 5 బొమ్మలు వస్తాయి. కనుక నాలుగు బురుజులలో ఒకదానిని మాత్రమే తీసుకోవడం మేలు. ఒక బొమ్మ ఐదుగురికి గుర్తు అనుకుంటే బురుజుపై 12 లేక 13 బొమ్మలుంటాయి. ముట్టడిదారులు వరుస దళాలుగా వస్తారు. ఒక దళం వెనుదిరిగితే కొత్త దళం ముందుకు వస్తుంది, రక్షకులకు మాత్రం అదనపు బలం రాదు. సమతుల్యాన్ని ఈ క్రింది అంశాలు నిర్ణయిస్తాయి.

* కాలం: ఉదయం ఆరు నుండి మధ్యాహ్నం రెండు వరకు, అరగంటకు ఒక వంతు చొప్పున 16 వంతులు. మొదటి వంతులలో ఫిరంగులు మాత్రమే పనిచేస్తాయి. గోడను ఎంతసేపు కొట్టాలి, నిచ్చెనలు ఎప్పుడు వేయాలి అనేది ముట్టడిదారు నిర్ణయం.
* గెలుపు: 12వ వంతులోగా బురుజు చిక్కితే ముట్టడిదారు గెలిచినట్లు. 16వ వంతు ముగిసేవరకు చిక్కకపోతే రక్షకుడు గెలిచినట్లు. ఈ రెంటి మధ్య చిక్కితే, ముట్టడిదారు కోల్పోయిన బొమ్మలను బట్టి ఫలితం తేల్చాలి.
* అలసట: పోరాడిన దళం తరువాతి వంతులో విశ్రాంతి తీసుకోవాలి. ముట్టడిదారు దళాలను మార్చగలడు, రక్షకుడు మార్చలేడు.
* ధైర్యం: ముట్టడి దళాలు నష్టాన్ని బట్టి పాచిక వేసి నిలుస్తాయో వెనుదిరుగుతాయో తేల్చుకోవాలి. రక్షకులకు ఈ నియమం వర్తించదు. ఆర్మ్ కథనంలో వారు వెనుదిరిగిన దాఖలా లేదు.

ఈ అంకెలను తొలి ప్రయత్నంగానే భావించాలి. ఇద్దరు ఆటగాళ్ళు పక్షాలు మార్చుకుంటూ పలుమార్లు ఆడి ఫలితాలను నమోదు చేయాలి. ఒకే పక్షం తరచు గెలుస్తుంటే సైనికుల సంఖ్యను మార్చకుండా 12వ వంతు అనే గడువును ముందుకో వెనుకకో జరపాలి. సంఖ్యను మారిస్తే అది బొబ్బిలి యుద్ధం కాకుండా పోతుంది. వేలం మరొక పద్ధతి. కోటను ఎన్ని వంతులు నిలుపగలరో ఇద్దరూ చెప్పాక, ఎక్కువ చెప్పినవారికి రక్షకుల పక్షం, వారు చెప్పిన గడువు దక్కుతాయి.

హద్దులు

బొబ్బిలి యుద్ధం రెండు గంటలతో ముగియలేదు. ఓటమి తప్పదని తెలిసిన రక్షకులు, శత్రువుల చేతికి చిక్కకూడదని తమ స్త్రీలను, పిల్లలను తామే చంపి, చివరివరకు పోరాడి మరణించారు. రంగారావు తుపాకీ గుండుకు బలయ్యాడు. ఈ ఘట్టాన్ని ఆటలో పాయింట్లకు లెక్కించే ఎత్తుగడగా చేర్చడం తగదు. చేరిస్తే స్త్రీలు, పిల్లల మరణం ఒక లాభనష్టాల లెక్కగా మారుతుంది. ఆటను రెండు గంటలకు ఆపి, తరువాత జరిగినది ఆటగాళ్ళకు చదివి వినిపించడం ఉచితం. బల్లమీద గెలిచిన రక్షకునికి కూడా చరిత్రలో ఏమి జరిగిందో తెలియాలి.

యుద్ధం ముగిసిన మూడవ రాత్రి విజయరామరాజు తన గుడారంలో హతుడయ్యాడు. ఆ పని చేసినవాడు తాండ్ర పాపారాయుడని తెలుగునాట ప్రసిద్ధి. దీనిని రెండవ అంకంగా ఆడవచ్చు. ఇందులో గుప్పెడుమంది ఒక శిబిరంలోకి చొరబడతారు. పగలు ముట్టడిదారుగా ఆడినవాడు రాత్రి పాపారాయుని పక్షం వహిస్తే ఇద్దరికీ బలహీనుల స్థితి అనుభవంలోకి వస్తుంది.

తెలుగు సినిమాలో

ఫలితం ముందే తెలిసిన యుద్ధాన్ని ఆసక్తికరంగా చూపడం సినిమావారికీ ఎదురయ్యే సమస్యే. 1964లో ఎన్.టి.రామారావు, భానుమతి, ఎస్.వి.రంగారావు నటించిన "బొబ్బిలి యుద్ధం", 1986లో కృష్ణంరాజు నటించిన "తాండ్ర పాపారాయుడు" ఈ కథపై వచ్చాయి. పరిశ్రమ మద్రాసు నుండి తరలివచ్చి హైదరాబాదులోని జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలలో స్థిరపడిన తరువాత కూడా అసమ యుద్ధాలపై మోజు తగ్గలేదు. ఎస్.ఎస్.రాజమౌళి దర్శకత్వంలో 2015లో విడుదలైన "బాహుబలి"లో మాహిష్మతి సేన తనకంటే ఎన్నోరెట్లు పెద్దదైన కాలకేయుల సేనను ఎదుర్కొంటుంది. కాలకేయ నాయకుని చంపినవానికే సింహాసనమని ముందు ప్రకటించినా, చివరి దెబ్బ కొట్టిన భల్లాలదేవునికి కాక, యుద్ధం మధ్య బందీలైన ప్రజలను కాపాడిన బాహుబలికి రాజ్యం దక్కుతుంది. శత్రువును చంపడం ఒక్కటే గెలుపు కాదన్న ఈ మలుపు, సన్నివేశ కల్పనలో గెలుపు నిర్వచనానికున్న ప్రాముఖ్యాన్ని సూచిస్తుంది.

ఇవి కూడా చూడండి

* బొబ్బిలి యుద్ధం
* తాండ్ర పాపారాయుడు
* పులిజూదం
* చదరంగం