బరువులెత్తువారి ముఖముపై ఎఱ్ఱని చుక్కలు

ఉదయము వ్యాయామశాలకు పోయివచ్చిన యువకుడొకడు అద్దము ముందు నిలిచి ఉలికిపడినాడనుకొందము. కనుఱెప్పలమీద, చెక్కిళ్ళమీద, మెడమీద సూదిమొనతో పొడిచినట్లు ఎఱ్ఱని చుక్కలు. దురద లేదు, నొప్పి లేదు. నిన్న రాత్రి ఇవి లేవు. తల్లి దోమకాటనును, అమ్మమ్మ దృష్టి తగిలినదనును, పొరుగువారు డెంగీ జ్వరమేమోనని భయపెట్టుదురు. వీరిలో ఎవరి మాట నమ్మవలెను?

బరువెత్తుట తెలుగువారికి కొత్త విద్య కాదు. ఎదపై ఏనుగును నిలిపిన కోడి రామమూర్తి నాయుడుగారి ఖ్యాతిని పెద్దలు నేటికిని చెప్పుకొందురు. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 110 కిలోలు, 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకమును గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ అయినది. నేడు తిరుపతి, చిత్తూరు వీధులలో జిమ్ములకు పోవు యువకులు అనేకులు. వేసవిలో దామలచెరువు, బంగారుపాళెము మామిడి మండీలలో పెట్టెలు మోయు కూలీలు పతకము లేని మల్లులే. బరువు ఏదైనను, దానిని ఎత్తునప్పుడు దేహములో జరుగు పని ఒక్కటే.

గొప్ప బరువును ఎత్తబోవువాడు ముందుగా నిండుగా ఊపిరి పీల్చి, గొంతు బిగించి, పొట్ట కండరములను గట్టిపరచును. ఇట్లు ఊపిరి బిగబట్టి ముక్కుటను వైద్యులు వాల్సాల్వా ప్రక్రియ యందురు. వాల్సాల్వా 1666 నుండి 1723 వరకు జీవించిన ఇటలీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు. ముక్కినప్పుడు ఎదలోని ఒత్తిడి పెరిగి, తలనుండి గుండెకు మరలివచ్చు చెడురక్తపు దారి ఇరుకగును. కాలువ దిగువన తూము మూసినచో ఎగువ గట్లు తెగునట్లే, ముఖములోని వెండ్రుకకంటె సన్నని రక్తనాళములు కొన్ని చిట్లును. వానినుండి చర్మములోనికి జాఱిన నెత్తుటి బొట్లే ఈ చుక్కలు. వైద్యులు వీనిని పెటీకియే యందురు. 1985లో కెనడా దేశపు పరిశోధకులు బరువులు నెట్టు మల్లుల రక్తపుపోటును ధమనిలోనే కొలిచి చూడగా, సగటున 320/250 వఱకు ఎగసినది. సాధారణ మనుష్యుని పోటు 120/80 అని తలచుకొన్నచో, ఆ క్షణమున నాళములపై పడు భారము ఎంతటిదో తెలియును.

బరువులెత్తువారికే ఇట్లగునని తలపరాదు. కోరింత దగ్గుతో ఉక్కిరిబిక్కిరి అయిన బిడ్డకు, తెఱపి లేక వాంతులైనవారికి, ప్రసవవేదన పడిన తల్లికి, మూర్ఛ వచ్చినవారికి గూడ ఇట్టి చుక్కలు కనబడును. ఒక్కొక్కప్పుడు కంటి తెల్లగ్రుడ్డుపై నెత్తురు కమ్మును. చూచుటకు భయంకరమైనను, నొప్పి లేక, చూపు మందగించక ఉన్నచో అదియు తనంతట తానే తగ్గును.

ఇక పరీక్ష. శుభ్రమైన గాజుగ్లాసును చుక్కలపై ఆనించి నొక్కవలెను. దద్దురైనచో రంగు మాయును. నాళము వెలుపలికి వచ్చిన నెత్తురైనచో మాయదు. కాని ఈ పరీక్ష అది నెత్తురని మాత్రమే చెప్పును. ఎందువలన వచ్చినదో చెప్పదు. డెంగీ చుక్కలును మాయవు. కావున మఱి మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది, ఎక్కడ? ముక్కుటవలన వచ్చినవి ముఖము, మెడ, ఎద పైభాగములకే పరిమితమగును. కాళ్ళపైన, పొట్టపైన కనబడినచో కారణము వేఱు. రెండవది, ఎప్పుడు? శ్రమపడిన కొద్దిసేపటికే వచ్చి, మఱునాటినుండి పెరుగకుండ ఉండవలెను. దినదినము కొత్తవి పుట్టుచున్నచో ఉపేక్షింపరాదు. మూడవది, తోడుగా ఏమున్నది? జ్వరము, చిగుళ్ళనుండి గాని ముక్కునుండి గాని నెత్తురు, కారణము లేని కమిలిన మచ్చలు, నల్లని విరేచనము, మితిమీఱిన నీరసము ఉన్నచో అది బరువెత్తినందువలన వచ్చినది కాదు.

మన ప్రాంతమున ఈ వివేకము మఱింత అవసరము. అక్టోబరునుండి డిసెంబరువఱకు ఈశాన్య ఋతుపవనము వానలు కురిపించును. నీరు నిలిచినచోట దోమలు, దోమలతో డెంగీ. నెత్తురు గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్ కణములు ఆరోగ్యవంతునికి ఘనపు మిల్లీమీటరునకు లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షలవఱకు ఉండును. డెంగీలో అవి పడిపోవును. జ్వరము తగ్గినదని సంతోషించు సమయమే ఈ వ్యాధిలో అపాయకరమైన సమయము. జ్వరముతో చుక్కలున్నవారు ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ మాత్రలు మింగక, వెంటనే ఆసుపత్రికి పోయి రక్తపరీక్ష చేయించుకొనవలెను. “జిమ్ముకు పోయినందువలననే” అని సరిపెట్టుకొని రెండు దినములు పోగొట్టుకొనుట ప్రాణముతో చెలగాటము.

శ్రమవలన వచ్చిన చుక్కలకు మందు అక్కఱలేదు. ఎఱుపు ఊదాగా, ఊదా గోధుమరంగుగా మాఱి కొన్ని దినములలో మాయమగును. సున్నము, ఆకుపసరు పూసి రుద్దినచో చర్మము పొక్కును గాని చుక్క పోదు. అవి మాయమగువఱకు గొప్ప బరువులు మానుట మంచిది.

మరల రాకుండుటకు ఉపాయము ఊపిరిలోనే ఉన్నది. బరువును దించునప్పుడు ఊపిరి పీల్చి, ఎత్తునప్పుడు మెల్లగా విడువవలెను. ఆరితేరిన మల్లులు వెన్నెముకకు దన్నుగా ఒక క్షణము ఊపిరి బిగబట్టుట కలదు. గురువు లేక దానిని అనుకరింపరాదు. బరువును ఒక్కసారి గాక వారము వారము పెంచవలెను. రక్తపుపోటు, గిలక, కంటి లోపలి పొరకు జబ్బు ఉన్నవారు, నెత్తురు పలుచబడుటకు మందు వాడువారు వైద్యుని అడిగి మాత్రమే బరువు ముట్టవలెను. తఱచుగా చుక్కలు వచ్చువారు శ్రమనే నిందింపక ఒకసారి రక్తపరీక్ష చేయించుకొనుట మేలు.

ముఖముపైని చుక్క ఒక సమాచారము వంటిది. భయపడి పరుగెత్తుటయు, చూడనట్లు ఊరకుండుటయు రెండును తగవు. ఎక్కడ, ఎప్పుడు, తోడుగా ఏమని విచారించినవారికి అది తన కథను తానే చెప్పును.