వార్తల్లో పదం: సింగిల్ రేడియస్

మోకాలి కీలుమార్పిడిని గూర్చిన వార్తలలో అగుపించుచున్న ‘సింగిల్ రేడియస్’ అను మాటకు ఏకవ్యాసార్ధమని అర్థము. తొడయెముక చివర అమర్చెడు లోహపు తొడుగును ప్రక్కనుండి చూచినపుడు, కాలు వంగి లేచు ముఖ్యమైన మేర యంతటను, ట్రయాథ్లాన్ అను పేరుగల కృత్రిమకీలు నమూనాలో 10 నుండి 110 డిగ్రీల వఱకు, దాని వంపు ఒకే వృత్తమునుండి తీసిన చాపమువలె నుండుటయే ఈ నిర్మాణమునకు లక్షణము.

పూర్వపు నమూనాలలో ఆ వంపు పెక్కు వ్యాసార్ధములతో కూర్పబడెడిది. కాలు వంగినకొలది భ్రమణకేంద్రమును స్థానము మార్చుకొనుచుండెడిది. ఇందు అది స్థిరముగ, కొంచెము వెనుకగ నుండును గనుక, మోకాలిచిప్పను పట్టి లాగు స్నాయువునకును ఆ కేంద్రమునకును నడిమి దూరము పెరుగును. గడ్డపాఱ పొడవైనకొలది బండ సులువుగ పెకలునట్లు, కుర్చీనుండి లేచునపుడు తొడ ముందరి కండరమైన క్వాడ్రిసెప్స్‌పై శ్రమ తగ్గునని నిర్మాతల యూహ.

ఇది యేల ముఖ్యమనగా, శస్త్రచికిత్స జరిగిన తొలినెలలో ఆ కండరము తన పూర్వబలమున సగమో, అంతకు మించియో కోల్పోవుట కలదు. కండ కరగుటకంటెను, వాచిన కీలునుండి పోవు సంకేతములు నరముల ఆజ్ఞను అణచివేయుటయే అందులకు ప్రధానకారణము. నొప్పి పోయియు మెట్లెక్కలేక దిగులుపడు పెద్దలను చూచినవారికి ఈ విచారమెంత విలువైనదో తెలియును.

అయితే నమూనాలను సరిపోల్చిన పరీక్షలు ఏకముఖముగ లేవు: కొన్నిటిలో బలము త్వరగ కోలుకొన్నట్లును, మఱికొన్నిటిలో చెప్పుకోదగిన భేదము లేనట్లును తేలినది. ఏ కీలు అమర్చినను, మడమ క్రింద చుట్టిన తువాలును పెట్టి, మోకాలిని పఱుపునకు నొక్కుచు తొడను బిగించు అభ్యాసము మాత్రము, వైద్యుని సూచన మేరకు, తొలిదినములనుండియే ఆవశ్యకము.